తక్కువ మార్కులతో డెంటల్ సీటు: అడ్డం మార్కులా, ఫీజులా?

పాత వరంగల్ జిల్లా ముక్కలైన ఆరేడేళ్లలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చేశాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్లా 2023లో తరగతులు మొదలయ్యాయి. ఆ మరుసటేడు పక్కనే ఉన్న ములుగు, నర్సంపేటలకూ వచ్చాయి. డెంటల్ కాలేజీ మాత్రం ఈ మూడు జిల్లాల్లో ఎక్కడా లేదు. పళ్ల డాక్టరు కావాలనుకున్న పిల్లలు మానుకోట (మహబూబాబాద్) నుంచైతే ఖమ్మం వైపు, జనగామ నుంచైతే హైదరాబాద్ వైపో నార్కట్‌పల్లి వైపో చూడాలి. భూపాలపల్లికి రైలు కూడా లేదు. అక్కడి పిల్లలు బస్సెక్కి వరంగల్ చేరాకే ఏ దారైనా మొదలవుతుంది.

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఈ ఊళ్లలో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. మార్కులు అంతంతమాత్రం, ఎంబీబీఎస్ ఆశ లేదు, డెంటల్‌లోనైనా సీటు దొరుకుతుందా? దానికి వినిపించే జవాబులన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. కోచింగ్ సెంటరు ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకోమంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు సీటు మా పూచీ అంటారు. ఊళ్లో పెద్దమనిషి డెంటల్‌కు భవిష్యత్తే లేదని తేల్చేస్తాడు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కచోట పెట్టి చూడాలి. చూస్తే నాకు అర్థమైంది ఇది: మార్కుల గేటు మనం భయపడుతున్నంత ఎత్తులో లేదు. పిల్లల్ని నిజంగా ఆపుతున్నది దాని వెనకున్న ఫీజు గేటు.

ముందు మార్కుల సంగతి. తక్కువ మార్కులు అన్నప్పుడు మనవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. ఇంటర్ మార్కులు ఒకటి, నీట్ మార్కులు మరొకటి. బైపీసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి ఓసీ పిల్లలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు 40 శాతం ఉంటే చాలు. ఇంటర్ పని అంతటితో సరి. ఆ గీత దాటిన తర్వాత 55 శాతం వచ్చిన అమ్మాయికీ 97 శాతం వచ్చిన అబ్బాయికీ ఇంటర్ పరంగా తేడా లేదు. ఒకప్పుడు ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, నీట్ ర్యాంకులో అది లేదు. తొర్రూరు జూనియర్ కాలేజీలో ఇంటర్ మార్కులు తగ్గాయని ఏడ్చే పిల్లకు ఈ ఒక్క విషయం చెబితే సగం దిగులు తీరుతుంది. మూడు సబ్జెక్టుల్లో కావాల్సిన శాతం రాదేమోనని అనుమానముంటే మొదటి ఏడాది ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలు ఎలాగూ ఉంది.

ఇక నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. అర్హత మార్కును ముందే ఇంత అని నిర్ణయించరు. పరీక్ష రాసిన వాళ్లలో సగం మందిని దాటితే ఓసీ, ఈడబ్ల్యూఎస్ పిల్లలకు అర్హత వచ్చినట్టే. దాన్నే 50 పర్సంటైల్ అంటారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అది 40 పర్సంటైల్. అంటే కటాఫ్ ఏటా మారుతుంది. 2022లో ఓసీ అర్హత మార్కు 117, రిజర్వ్‌డ్ వర్గాలకు 93. 2024లో అవి 162కూ 127కూ ఎగబాకాయి. 2025లో పేపరు కఠినంగా రావడంతో 144కూ 113కూ దిగాయి. 120 మార్కులు తెచ్చుకున్న ఓసీ కుర్రాడు 2022లో అర్హుడు, 2024లో అనర్హుడు. వాడి తెలివితేటలు రెండేళ్లలో ఏమీ మారలేదు.

144ను కాస్త దగ్గర నుంచి చూద్దాం. అది 720లో సరిగ్గా 20 శాతం. 50 ప్రశ్నలకు ఒప్పు, 56కు తప్పు రాసి, మిగతా 74 వదిలేసినా 144 వస్తాయి. అన్నింటికీ గుడ్డిగా ఏదో ఒకటి దిద్దినా సగటున 45 పడతాయి. ఈ లెక్క పిల్లల్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. 20 లక్షలకు పైగా మంది రాసే ఈ పరీక్షలో సగటు విద్యార్థి నిలిచేది ఆ చోటనే. మన ఇళ్లలో మాత్రం 500 దాటకపోతే మొద్దు అన్నట్టు మాట్లాడతారు. 250, 300 మార్కులు వచ్చిన పిల్ల దేశంలో రాసిన సగం మంది కంటే చాలా ముందుంది. ఆ పిల్లను తక్కువ మార్కుల పిల్ల అనడమే అన్యాయం.

అర్హత వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు. 2025లో దేశం మొత్తం మీద 12 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. బీడీఎస్ సీట్లు చూస్తే 28 వేల లోపు. అయినా ఏటా డెంటల్ సీట్లు మిగిలిపోతూనే ఉన్నాయి. ఈ వింతను అర్థం చేసుకోవడానికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి అక్కరకొస్తుంది.

2020-21లో దేశవ్యాప్తంగా దాదాపు 7 వేల బీడీఎస్ సీట్లు ఖాళీగా ఉండిపోయాయి. కటాఫ్ తగ్గించమని డెంటల్ కౌన్సిల్ 2020 డిసెంబరులో సిఫారసు చేసింది. కేంద్రం కుదరదంది. అర్హులు కావలసినంత మంది ఉన్నారు, దేశంలో 6,080 మందికి ఒక డెంటిస్టు ఉన్నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 7,500కు ఒకరు అన్న లెక్క కంటే ఇది మెరుగే అని వాదించింది. హర్షిత్ అగర్వాల్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ కృష్ణ మురారి ధర్మాసనం 2021 ఫిబ్రవరి 8న కేంద్రం నిర్ణయాన్ని కొట్టేసింది. మిగిలిన సీట్లను 10 పర్సంటైల్ తగ్గించి నింపమంది. అలా ఆ ఏడాది ఓసీ పిల్లలకు 147గా ఉన్న గీత 113కు దిగింది. తీర్పులో మరో మాట ఉంది, నా దృష్టిలో అసలు మాట అదే. ప్రైవేటు డెంటల్ కాలేజీల ఫీజులు ఎక్కువగా ఉండడం వల్లే పిల్లలు చేరడానికి ముందుకు రావడం లేదన్న వాదనలో బలముందని కోర్టు ఒప్పుకుంది. ఫీజు తగ్గించుకునే ఆలోచన చేయమని యాజమాన్యాలను కోరింది.

6,080 మందికి ఒకరు అన్న లెక్కను భూపాలపల్లి జిల్లా మహాముత్తారం, పలిమెల మండలాలకు తీసుకెళ్లి చెప్పి చూడండి. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లలో పన్ను నొప్పి వస్తే ముందు లవంగం, తర్వాత ఆర్‌ఎంపీ ఇచ్చే గోలీ, మరీ భరించలేకపోతే బస్సెక్కి భూపాలపల్లి. డెంటిస్టులు ఉన్నారు. హన్మకొండలో వీధికి ఇద్దరు, కూకట్‌పల్లిలో బిల్డింగుకు ఒకరు. దేశం సగటులో అందరూ కలిసిపోతారు కాబట్టి ఆ సగటు పలిమెలకు ఏ సంగతీ చెప్పదు. చదువుకోవాలనుకునే పిల్లలు ఉన్న ఊళ్లూ, డాక్టర్లు లేని ఊళ్లూ చాలా వరకు ఒకటే. ఈ రెంటినీ కలిపే ప్రయత్నం మాత్రం ఎవరూ గట్టిగా చేయలేదు.

కటాఫ్ తగ్గించడానికీ ఓ పద్ధతి ఉంది. కౌన్సిల్‌ను సంప్రదించి కేంద్రం తగ్గించాలి, రాష్ట్రాలు తమంతట తాము తగ్గించడానికి వీల్లేదు. 2016-17లో రాజస్థాన్ ప్రభుత్వం అలా తగ్గించింది, కొన్ని కాలేజీలు దాన్నీ దాటి ఇంకా కింది మార్కులకు సీట్లిచ్చాయి. దాదాపు పదేళ్ల తర్వాత, 2025 డిసెంబరులో, సుప్రీంకోర్టు ఆ కాలేజీలకు తలా 10 కోట్ల రూపాయల జరిమానా వేసింది. చదువు పూర్తి చేసిన పిల్లల డిగ్రీలను తన ప్రత్యేక అధికారంతో నిలబెట్టింది. ఇన్నేళ్లూ ఆ పిల్లలు డిగ్రీ చేతిలో పట్టుకుని అది ఉంటుందో పోతుందో తెలియక గడిపారు. మీ మార్కులకు కూడా సీటు ఇప్పిస్తాం, బయటి రాష్ట్రంలో సర్దేస్తాం అని ఫోన్ చేసే ఏజెంటు ముందు గుర్తు తెచ్చుకోవాల్సింది వీళ్లనే. నీట్ అర్హత లేకుండా, కౌన్సెలింగ్‌లో పేరు రాకుండా బీడీఎస్ సీటు దేశంలో ఎక్కడా లేదు. మేనేజ్‌మెంట్ సీటైనా, డీమ్డ్ యూనివర్సిటీ సీటైనా కౌన్సెలింగ్ దారిలోనే రావాలి.

మన రాష్ట్రంలో ఆ దారి వరంగల్ గుండా పోతుంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ నడుపుతుంది. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఒక్కటే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి పక్కన ఉంది. 1959లో పెట్టింది, 100 సీట్లు. ఆ సీట్లకు పోటీ గట్టిగానే ఉంటుంది, తక్కువ ర్యాంకు వాళ్లకు అందడం అరుదు. మిగతావన్నీ ప్రైవేటు కాలేజీలు. ఖమ్మంలో మమత, నార్కట్‌పల్లిలో కామినేని, వికారాబాద్‌లో శ్రీసాయి, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్, నిజామాబాద్‌లో మేఘన, దిల్‌సుఖ్‌నగర్‌లో పనినీయ, ఇలా. ఈ కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా, జనం నోట్లో ఫ్రీ సీట్లు. 35 శాతం బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా, 15 శాతం ఎన్ఆర్ఐ కోటా.

కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీ ఫీజు ఏడాదికి 45 వేలుగా నడుస్తూ వచ్చింది. బీ కేటగిరీకి వెళ్తే అది లక్షల్లోకి ఎగురుతుంది. అదే తరగతి గది, అదే కుర్చీ, అదే రోగి. తేడా ర్యాంకులో. ఇక్కడే నేను ఫీజు గేటు అన్న మాటకు అర్థం తెలుస్తుంది. కన్వీనర్ సీట్లకు ర్యాంకు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. బీ కేటగిరీకి వచ్చేసరికి డబ్బు కట్టగలిగిన వాళ్లలో పోటీ పలుచబడి, ఆఖరి రౌండ్లలో అర్హత మార్కుకు దగ్గరి దాకా సీట్లు దిగొస్తాయి. 150 మార్కులొచ్చిన పిల్లవాడికి డబ్బుంటే సీటుంది, 300 వచ్చిన పిల్లకు డబ్బు లేకపోతే ఒక్కోసారి సీటు లేదు. మరి దీన్ని మెరిట్ అని ఎలా అనగలం?

తక్కువ ర్యాంకు వాళ్లకు కన్వీనర్ కోటాలో గట్టిగా పనికొచ్చేవి మూడు నాలుగు ఉన్నాయి. ఎంబీబీఎస్ సీట్లు పెరగడం మొదటిది. రెండు మూడేళ్లలో జిల్లాకొక మెడికల్ కాలేజీ వచ్చేసరికి, ఇదివరకు బీడీఎస్‌తో సరిపెట్టుకున్న ర్యాంకుల్లో కొంతమంది ఎంబీబీఎస్‌కు జరిగారు. బీడీఎస్‌లో చేరిన వాళ్లు కూడా తర్వాతి రౌండులో ఎంబీబీఎస్ రాగానే వెళ్లిపోతారు. ఆ ఖాళీలు కింది ర్యాంకులకు అందుతాయి. అందుకే మొదటి జాబితాలో పేరు లేదని నోటిఫికేషన్లు చూడడం మానేసిన పిల్లలు నష్టపోతారు. మిగిలిన సీట్ల కోసం పెట్టే మాపప్ రౌండూ, ఆ తర్వాత స్ట్రే వేకెన్సీ రౌండూ అయ్యే దాకా ఆట అయిపోలేదు. ప్రతి రౌండు తర్వాతా ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో జాబితా పెడుతుంది. కన్సల్టెన్సీకి వేలు పోసే ముందు ఓ సాయంత్రం కూర్చుని రెండేళ్ల జాబితాలు చూసుకుంటే ఆ పిల్లకు ఎక్కడ ఆశ ఉందో ఇంట్లోనే తేలిపోతుంది. కన్వీనర్ కోటాకూ మేనేజ్‌మెంట్ కోటాకూ నోటిఫికేషన్లు విడివిడిగా వస్తాయి, రిజిస్ట్రేషన్లూ విడివిడిగా చేసుకోవాలి.

రిజర్వేషన్ మరోటి. మహబూబాబాద్ జిల్లాలో తండా లేని మండలం దొరకడం కష్టం. గిరిజనుల కోటా 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది 2022 సెప్టెంబరు చివర్లో. లంబాడా, కోయ పిల్లలకు ఇది పెద్ద మార్పు. ఎస్సీ కోటా 15 శాతాన్ని 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచారు. కాబట్టి అంతకు ముందు సంవత్సరాల ఎస్సీ కటాఫ్‌లు చూసి ఇప్పుడు అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసిపెట్టుకోవాలని ఎంత చెప్పినా తక్కువే. సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీకి తహసీల్దారు సెలవులో ఉన్నారని సీటు కోసం ఎవరూ ఆగరు.

స్థానికత విషయంలో మానుకోట వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. విజయవాడ లైను మీద ఉన్న ఊరు కనుక అక్కడి కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చేర్పించడం చాలా ఇళ్లలో అలవాటు. రైలెక్కితే దిగేది అక్కడే. 2024 జూలైలో వచ్చిన జీవో 33 ప్రకారం తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే స్థానికులు. దాని మీద హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా కేసులు నడిచాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి, మిగతా వాళ్లకు లేవు. గార్లలో పుట్టి గార్లలో పెరిగిన పిల్ల రెండేళ్లు విజయవాడ హాస్టల్లో ఉన్నందుకు సొంత రాష్ట్రంలో నాన్‌లోకల్ అయ్యే పరిస్థితి ఇది. ఈ నిబంధన కొంచెం మెత్తగా ఉండాల్సిందని నా అభిప్రాయం. ఉన్నంత కాలం మాత్రం తెలిసి మసలుకోక తప్పదు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లు ఇంటర్ కాలేజీ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి రెండు మాటలు. ఆదాయ పరిమితికి లోబడిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ పిల్లలకు కన్వీనర్ సీటైతే ప్రభుత్వం ఫీజు కడుతుంది. అది కాగితం మీది మాట. డబ్బు ఏళ్ల తరబడి పెండింగులో పడుతుంది, కాలేజీ వాళ్లు పిల్లల మీద పడతారు, కోర్సు అయిపోయినా సర్టిఫికెట్లు బీరువాలోనే ఉండిపోతాయి. 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ పెట్టాయి. ప్రభుత్వం పేరు చెప్పి నిశ్చింతగా చేర్పించిన తండ్రి చివరికి వడ్డీకి తెచ్చి కట్టాల్సి రావడం మన జిల్లాల్లో కొత్త కాదు.

ఇక అసలు భయం. సీటు ఎలాగో దొరికింది సరే, తక్కువ మార్కుల పిల్ల ఆ చదువు నెగ్గుకురాగలదా? ఈ అనుమానం తల్లిదండ్రులకే కాదు, పిల్లలకూ ఉంటుంది.

బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మీద పడతాయి. అన్నీ ఇంగ్లిష్‌లో. నీట్‌ను తెలుగులో రాసే వీలు 2017 నుంచి ఉంది, కానీ కాలేజీలో ఆ వీలు లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ నుంచీ గురుకులం నుంచీ వచ్చిన పిల్లలు తడబడేది ఇక్కడే. పాసవడానికి 50 శాతం కావాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి తొమ్మిదేళ్లలో కోర్సు ముగించకపోతే బయటికి పంపేస్తారు. మొదటి ఏడాది తప్పిన వాళ్లు వెనకబడి, జూనియర్లతో కూర్చోలేక కుంగిపోవడం ఉంది. సీటు కంటే ముందు ఆలోచించాల్సిన విషయం ఇది. మే నెలలో పరీక్ష రాసి తరగతులు మొదలయ్యే దాకా ఉన్న నాలుగైదు నెలల్లో ఇంగ్లిష్ మీద కూర్చుంటే మొదటి ఏడాది బరువు చాలా తగ్గుతుంది.

అదే మొదటి ఏడాదిలో ఇంకో పని కూడా ఉంది. డెంటల్ అనాటమీ ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థికీ ఓ మైనపు దిమ్మ ఇస్తారు. చిన్న కార్వింగ్ కత్తితో దాన్ని కోస్తూ పన్ను తేల్చాలి. ముందు దిమ్మ మీద కొలతలు గీసుకోవాలి. ముందు పన్నయితే ఎంత పొడుగు, అంచు ఎటు వాలుతుంది. దవడ పన్నయితే పైన ఎన్ని గుబ్బలు, వాటి మధ్య గాడి ఎంత లోతు. ఒక్క గీత ఎక్కువ కోస్తే మైనం రాలిపోతుంది, మళ్లీ కొత్త దిమ్మ. నీట్‌లో ర్యాంకు తెచ్చుకున్న పిల్లల చేతులు ఇక్కడ వణకడం, ర్యాంకు లేని పిల్ల మొదటి వారంలోనే చక్కటి పన్ను చెక్కి చూపించడం డెంటల్ కాలేజీలో చదివిన వాళ్లంతా చూసిందే. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద ఉలితో నగిషీ చెక్కే ఆ ఊరి పనివాళ్ల చేతికీ కంటికీ ఉండే పొందికే డెంటిస్టుకూ కావాలి. ఆ పొందికను కొలిచే ప్రశ్న నీట్ 180లో ఒక్కటీ లేదు.

బయటి దేశాల్లో దీన్ని కొలవాలని ప్రయత్నించారు. అమెరికాలో డెంటల్ ప్రవేశ పరీక్షలో ఒకప్పుడు సుద్ద ముక్కను చెక్కించేవారు, తర్వాత దాని బదులు ఆకారాలను కంటితో పోల్చుకునే పరీక్ష పెట్టారు. కెనడాలో చాలా కాలం సబ్బు ముక్క చెక్కించారు. అక్కడ మార్కులతో పాటు ఇంటర్వ్యూ, క్లినిక్‌లో గడిపిన అనుభవం కూడా చూస్తారు. ఒక చోట తగ్గిన వాళ్లు ఇంకో చోట నిరూపించుకునే వీలుంటుంది. మన దగ్గర మూడు గంటల పరీక్ష ఒక్కటే. ఇంటర్వ్యూ పెడితే మన దగ్గర సిఫారసులు, డబ్బు చొరబడతాయన్న భయం నిజమే. 2016లో ఎంసెట్-2 పేపరే లీకై, పరీక్ష రద్దు చేసి సెప్టెంబరులో మళ్లీ పెట్టాల్సి వచ్చిన రాష్ట్రం మనది. అందుకని ఉన్న పరీక్షనే ఉంచాలనుకున్నా, ఆ ర్యాంకును మనిషి మొత్తానికి తూకం అనుకోవడం మానేయాలి.

లాంగ్‌టర్మ్ తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు కొంచెం కఠినంగా ఉంటుంది. నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితీ లేదు. బీ కేటగిరీలో ఏటా లక్షలు పోసే బదులు, ఇంకో ఏడాది కూర్చుని కన్వీనర్ ర్యాంకు తెచ్చుకోవడం ఎప్పుడూ మేలు. 720లో 360 మార్కులు బయాలజీవే, అవి దాదాపుగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో నుంచే. ప్రభుత్వ కాలేజీ పిల్లలు తెలుగు అకాడమీ పుస్తకం చదివి నీట్‌కు వెళ్తారు, వాళ్లలో చాలామంది వెనకబడేది అక్కడే. 150 దగ్గర ఆగిన పిల్ల ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీని గట్టిగా పట్టుకుంటే వంద మార్కులు పెరగడం ఆశ్చర్యమేమీ కాదు. గురుకుల సొసైటీలు ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఉచిత లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇస్తున్నాయి, దాన్ని వదులుకోకూడదు. రెండోసారి రాసినా కదలకపోతే మూడో ఏడాది కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఆ వయసులో గదిలో ఒంటరిగా గడిచే ఏడాదికి కట్టే ధర మార్కుల్లో కనపడదు. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, హోమియో, ఆయుర్వేదం ఉన్నాయి. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఎప్‌సెట్ రాసి ఉంటే అగ్రికల్చర్, వెటర్నరీ దారులున్నాయి. వెటర్నరీ కాలేజీ వరంగల్ మామునూరులోనే ఉంది.

భూమి అమ్మి పేమెంట్ సీటు కొనాలనుకునే ఇళ్లకు ఒక లెక్క చెప్పాలి. కొత్తగా బీడీఎస్ ముగించి హైదరాబాద్‌లో ఏదైనా క్లినిక్‌లో చేరితే జీతం నెలకు పదిహేను, ఇరవై వేల దగ్గరే మొదలవుతుంది. సొంత క్లినిక్ అంటే కుర్చీ, కంప్రెసరు, స్టెరిలైజరు, ఎక్స్‌రే కలిపి మళ్లీ లక్షలు. ఎండీఎస్ చేయాలంటే మళ్లీ నీట్, మళ్లీ ఫీజు. సర్కారు ఉద్యోగం సంగతి చెప్పాలంటే, 2025లో వైద్య నియామకాల బోర్డు రాష్ట్రం మొత్తానికి ప్రకటించిన డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు 48. పెళ్లయి అమెరికా వెళ్లే అమ్మాయిల సంగతి ఇంకోటి. ఇక్కడి బీడీఎస్‌తో అక్కడ ప్రాక్టీసు చేయలేరు. ఐఎన్‌బీడీఈ పరీక్ష పాసై, అక్కడి డెంటల్ స్కూల్లో రెండు మూడేళ్లు మళ్లీ చదవాలి, ఆ ఫీజు డాలర్లలో. అందుకే ఎంతోమంది తెలుగు డెంటిస్టులు అక్కడ పబ్లిక్ హెల్త్‌కో, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌కో మారిపోయారు. బీడీఎస్ మార్కుల జాబితా అక్కడి అడ్మిషన్లలో మళ్లీ బయటికి వస్తుంది కూడా. నీట్ మార్కులు ఎవరూ అడగరు, కాలేజీలో తెచ్చుకున్న మార్కులు అడుగుతారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన నేషనల్ డెంటల్ కమిషన్ చట్టంలో ఎగ్జిట్ పరీక్ష కూడా ఉంది. ఆ పరీక్ష అమల్లోకి వస్తే చివరి ఏడాదిలో అందరూ ఒకే పేపరు రాయాలి.

ఇవన్నీ చెప్పి డెంటల్ వద్దనడం నా ఉద్దేశం కాదు. కన్వీనర్ సీటు వస్తే చేరండి అనే చెబుతాను, మార్కులు చూసి జంకకుండా. మరిపెడలో, కాటారంలో, పాలకుర్తిలో ఓ చిన్న క్లినిక్ పెట్టుకుని నిలదొక్కుకోవడానికి హైదరాబాద్‌లో కావలసిన పెట్టుబడి అక్కర్లేదు. జనం ఉన్నారు, జబ్బులు ఉన్నాయి. పాత నల్గొండ జిల్లాను ఆనుకున్న ఊళ్లలో ఫ్లోరైడు మరకల పళ్లు, గనుల దగ్గర, మిర్చి మార్కెట్ల దగ్గర గుట్కా, అంబర్ పొగాకు నమిలి నోరు తెరుచుకోలేని కూలీలు, పాల పళ్లకే పుప్పి పట్టిన పిల్లలు. గుట్కా నమిలే మనిషి నోట్లో తెల్లమచ్చను తొలి దశలో పసిగట్టగలిగిన డెంటిస్టు మండలానికి ఒకరున్నా క్యాన్సరై హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికి చేరేవాళ్లు తగ్గుతారు. ఈ పనికి తండా భాష తెలిసిన పిల్ల, కూలీ ఇంటి పిల్లవాడు ఎంత పనికొస్తారో ఏ ర్యాంకూ చెప్పలేదు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. 1959 తర్వాత రాష్ట్రానికి రెండో ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలి, అది వరంగల్‌లో రావాలి. బీడీఎస్ సీట్లన్నీ పంచే యూనివర్సిటీ ఆ ఊళ్లోనే ఉంది, ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే రోగులకు కొదవ లేదు. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిపోయే బీ కేటగిరీ సీట్లను ఖాళీగా వదిలేయకుండా కన్వీనర్ ఫీజుకు కింది ర్యాంకు వాళ్లకు ఇవ్వాలి. కాలేజీలు ఒప్పుకోకపోతే, చదువు ముగిశాక ఈ జిల్లాల పీహెచ్‌సీల్లో మూడేళ్లు పనిచేసే షరతుతో ఆ తేడాను ప్రభుత్వమే కట్టొచ్చు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఏ ఏడాదిది ఆ ఏడాదే కాలేజీకి చేరాలి. మూడు జిల్లాల్లోని ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే డెంటల్ కుర్చీ, దాని పక్కన జీతం అందుకునే డెంటిస్టు ఉండాలి. 48 పోస్టులతో ఇది తెమిలే పని కాదు. వచ్చే నోటిఫికేషన్‌లో ఆ అంకె ఎంతకు పెరుగుతుందో ఈ జిల్లాల ఎమ్మెల్యేలను ఇప్పుడే అడగాలి.